పీపీ ఈమెయిల్

ఆ రోజుల్లో ఫోన్‌కే కాదు, ఈమెయిల్‌కీ పీపీ ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మల్కాజ్‌గిరిలో మా వీధి మొత్తానికి కంప్యూటర్ మా ఇంట్లోనే ఉండేది. అందుకని మా ఫోన్ నంబరు ఇరుగుపొరుగుకు పనికొచ్చినట్టే, ఇంటర్నెట్ కంపెనీవాడు నాకిచ్చిన మెయిల్ అడ్రసూ పనికొచ్చేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన నేను (చేరి నాలుగు రోజులైనా కాలేదు, అప్పుడే వీధికంతటికీ సలహాదారుణ్ణి) ఎవరి మెయిళ్లు వాళ్లకు ప్రింటు తీసి ఇంటింటికీ పంచేవాణ్ణి.

ఎదురింటి టీచరాంటీకి మాత్రం ఒక్కటీ వచ్చేది కాదు. తల్లి పోతే తానే పెంచిన తమ్ముడు, ఆవిడతో మాటామాటా అనుకుని వెళ్లిపోయి ఏదో ఓడలో పనికి చేరాడట. అతని స్నేహితుడొకడి చేత మా మెయిల్ అడ్రసు మాత్రం పంపగలిగింది. ఆ స్నేహితుడూ తర్వాత కనిపించలేదు. రోజూ సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "బాబూ, ఏమైనా వచ్చిందా?" అని అడిగేది.

ఇంతలో మా వీధికి కేబుల్ ఇంటర్నెట్ వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. తీగ లాగడానికి వచ్చినతను, "పరేషాన్ గాకన్నా, మెయిల్ సుత కొత్తది ఇస్తం. పాతది బందైతది" అన్నాడు. నాన్న (విజయనగరంలో పుట్టి, పోస్టుకార్డు తప్ప దేన్నీ నమ్మని మనిషి) ఊరుకోలేదు. "ఇల్లు మారితే పోస్టాఫీసులో చెబుతాం కదేట్రా? ఉత్తరాలు కొత్తింటికి పంపిస్తారు. అలాగే వాళ్లకీ చెప్పిరా" అన్నారు. నవ్వుకుంటూనే పాత కంపెనీకి వెళ్లి అడిగాను. కౌంటర్లో అమ్మాయి నాకంటే ఎక్కువ నవ్వింది. "కనెక్షన్ తీసేస్తే మెయిల్ కూడా పోతది సార్. కొత్తదానికి పంపుడు గిట్ల ఏముండదు."

వీధిలో అందరూ తమవాళ్లకు కొత్త అడ్రసు చెప్పుకున్నారు. ఆంటీ ఎవరికి చెబుతుంది? "పాతదీ ఉండనీరా" అన్నారు నాన్న. అలా కొన్నాళ్లు మా ఇంట్లో రెండు ఇంటర్నెట్‌లు. ఒకటి మాకు, కీచుమని అరుస్తూ ఫోన్‌ని పట్టుకుని వదలని పాతది ఆవిడ తమ్ముడికి. చివరికి ఆ పాత కంపెనీయే మూతపడుతున్నట్టు కబురు పెట్టింది.

ఆఖరి సాయంత్రం ఆంటీ మొదటిసారి లోపలికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. లాటరీ తగిలిందన్న మెయిల్ ఒకటుంది, అంతే. "వాడికి రాయడమంటే బద్ధకం బాబూ. చిన్నప్పుడు హోంవర్క్ కూడా నేనే రాసిపెట్టేదాన్ని" అని నవ్వబోయి ఏడ్చేసింది. కంప్యూటర్లో తనకు తెలియనిది లేదనుకున్న ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పుడు జాలీ, నవ్వూ రెండూ వస్తాయి. పాపం, "ఉండండాంటీ, ఇంకొక్కసారి చూస్తాను" అన్నాడు.