అమ్మ మాటల మధ్య ఖాళీ లైన్లు

దెయ్యం కథ ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. కంప్యూటరు ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. మా ఊరు పరగోడులో ఇంటి నుంచే చేస్తాను.

మా ఇంట్లో విత్తనపు శెనక్కాయలు చేత్తోనే ఒలుస్తారు, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, నడుమ చేట పెట్టుకుని. అమ్మకు ఎప్పుడూ జత మా పెద్దమ్మే. పెద్దమ్మ పోయాక కూడా అమ్మ చేటకు ఒక పక్కనే కూర్చునేది. పట్టపగలు ఎదుటి ఖాళీతో మాట్లాడుతూ ఒలిచేది.

"అమ్మకు తల చెడిండాదిరా, ఊరంతా నవ్వుతాండారు" అని మా అన్న అమ్మను చిక్కబళ్లాపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. నిజంగా ఒంటరిగానే మాట్లాడుతుంటే మాత్రలు మొదలుపెడదామన్నాడు డాక్టరు. మగత మాత్రలు. నాకు భయమేసింది, ముందు ఆ మాట నేనే తేల్చుకోవాలనుకున్నాను.

మాటలు విని అక్షరాల్లో పెట్టే యాప్ ఒకటి మా ఆఫీసుది ఉంది. దానికి అమ్మ గొంతు నేర్పించి, ఆమె కాయలు ఒలిచేటప్పుడు ఫోను పక్కన పెట్టాను. ఇంకో గొంతు వినబడిన ప్రతిసారీ అది లైన్ బ్రేక్ వేస్తుంది, అంటే కొత్త లైనుకు దిగుతుంది. మాట అర్థం కాకపోతే ఆ లైను ఖాళీగా వదిలేస్తుంది. ఖాళీ లైన్లను ఆ యాప్ తెరమీద చూపించదు, అందుకే టెక్స్ట్‌లో లైన్ బ్రేకులు లెక్కపెట్టే చిన్న కోడ్ రాసి నడిపాను.

సున్నా రావాలి. డెబ్బైకి పైగా వచ్చాయి.

నా కోడే తప్పనుకున్నాను. ఎవరూ లేని వసారాలో, కోళ్ల అరుపుల్లో, ట్రాక్టరు రొదలో ఫోను వదిలి చూశాను. సున్నా.

ఎవరితో మాట్లాడతావని అమ్మనే అడిగాను. "మీ పెద్దమ్మకు చెవుడు గదప్పా. నేనొకటి అడిగితే ఆయమ్మ ఇంకోటి చెప్తాది" అని నవ్వింది.

అన్నకు చూపిస్తే, "నీ కంప్యూటరుకూ పిచ్చి పట్టిండాది, పో" అన్నాడు. మాత్రలు మొదలయ్యాయి. కొన్నాళ్లకే అమ్మ మాట నిలిచిపోయింది. చేట ముందర గోడకు ఆనుకుని, చేతిలో కాయ చేతిలోనే ఉండగా నిద్రపోయేది.

ఒక మధ్యాహ్నం మళ్లీ ఫోను పెట్టి పక్కనే కూర్చున్నాను. అమ్మ పెదవి కదల్లేదు. నాకేమీ వినబడలేదు. ఫైలు తెరిస్తే ఒక్క అక్షరం లేదు. కోడ్ నడిపాను. లైన్ బ్రేకులు ముందుకన్నా ఎక్కువే వచ్చాయి.

కారణం ఇప్పటికీ దొరకలేదు. వెతకడం నాకు చేతనైన పని, అయినా దొరకలేదు. ఆ సాయంత్రమే అన్నతో పోట్లాడి, డాక్టరును బతిమాలి మాత్రలు ఆపించాను. పలకలేని మనిషిని ఎవరో అంతసేపు పిలుస్తుంటే, ఊరికే కూర్చుని లెక్కపెట్టడం నావల్ల కాలేదు.