తువ్వాల కింద పుట్టిన ధర

ఇప్పటివాళ్లకు వెలుతురంటే గోడ మీది మీట. నొక్కితే వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. మా చిన్నప్పుడు వెలుతురు సీసాలో ఉండేది, సీసా సేటు దుకాణంలో ఉండేది, దాని ధర ఎక్కడ ఉండేదో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. భువనగిరి గుట్ట బోర్లించిన గిన్నెలా కనబడేంత దూరంలో మా ఊరు. పల్లె అంటే మాకు రోషం వచ్చేది, పట్నం అంటే విన్నవాళ్లకు నవ్వు వచ్చేది, అంత ఊరు. నాకు ఎనభై దాటినై. చదువు సగంలోనే ఆగిపోయింది కనుక నేను చెప్తుంటే మనుమరాలు రాస్తున్నది. (మధ్యమధ్య నవ్వుతున్నది. నవ్వనీ, చెయ్యి ఆగకపోతే చాలు.) ఆ సగం చదువైనా నాకు ఎట్లా దక్కిందో చెప్పాలంటే ముందు గ్యాసునూనె సంగతి చెప్పాలి. ఇప్పుడు కిరసనాయిలు అంటారే, అదే. దీపం దానితోనే వెలిగేది.

మా ఊళ్లో నూనె అమ్మేది ఒక్కడే. ముక్కులోకి ఎప్పుడూ నశ్యం ఎక్కిస్తూ ఉంటాడని నశ్యం సేటు అనేవాళ్లం. రజాకార్ల కాలంలో ధర పెరిగింది. ఎందుకయ్యా అంటే బండ్లను ఆపుతున్నారు, డబ్బాలు దాటనిస్తలేరు అన్నాడు. అది నిజమే. తర్వాత ఇంకొంచెం పెరిగింది. రజాకార్లతో కొట్లాడే సంగపోళ్లు తొవ్వ తవ్వారు, బండి చుట్టు తిరిగి వస్తున్నది అన్నాడు. అదీ నిజమే. ఆ తర్వాత పోలీసు యాక్షన్ అయింది, మిలిట్రీ వచ్చింది, బండ్లు తిరిగినై. ఇక దిగుతుందని ఊరంతా సీసాలు కడిగి ఎండబెట్టుకున్నాం. దిగలేదు. మా అవ్వ, అంటే నాయినను కన్నతల్లి, సీసా చంకన పెట్టుకుని దుకాణం ముందుకు పోయి నిలబడింది. వెనుక నేను.

"ఏం సేటు, కొట్లాట అయితాంది అని పెంచితివి. ఇప్పుడు సల్లబడె. ఇంక దించవా?"

"సల్లబడ్డందుకే అవ్వా. అందరు తలుపులు దీసి దీపాలు వెడ్తున్నరు. గిరాకి పెరిగింది."

"అంటె మేం సచ్చినా పెరుగుతది, బతికినా పెరుగుతది అన్నట్టు."

"నా చేతులేముందవ్వా. ధర పైనుంచి వస్తది."

అవ్వ తల ఎత్తి దుకాణం పైకప్పు చూసింది. "పైన పిల్లి దప్ప ఎవ్వరు లేరు" అని సీసా పావు వంతు పోయించుకుని వచ్చింది.

అవ్వకు అది నూనె బాధ. నాకు అంతకన్నా పెద్ద బాధ. మిలిట్రీ వచ్చిన కొత్తలో మా ఊరికి ఒక పంతులు వచ్చాడు. పగలంతా కూలికీ పొలానికీ పోయే ఆడవాళ్లకు, నాలాంటి ఆడపిల్లలకు దీపాలు పెట్టే వేళ ఒక గంట అక్షరాలు చెప్పేవాడు. ఆయన దగ్గర ఒక కందిలి లాంతరు, ఆరు పలకలు ఉండేవి. జీతం అడగలేదు. వారానికి ఒక ఇల్లు వంతుగా కందిలికి నూనె పోయాలి, అంతే. ఎవరి వంతు తప్పితే వాళ్ల పలక తర్వాతి మనిషికి పోతుంది. ఆ తర్వాతి మనుషులు తొమ్మిది మంది గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరి వంతు ఎప్పుడు తప్పుతుందా అని గద్దల్లా చూసేవాళ్లు. నాకప్పటికి పదకొండేళ్లు. పదిదాకా అంకెలు వచ్చినై, అక్షరాలు వచ్చినై, ఒత్తులు రాలేదు. పంతులు ఒత్తులు చివర చెప్తానన్నాడు. మా దిక్కు ఆడవాళ్ల పేర్లన్నీ అమ్మతోనే ముగుస్తాయి, దానికేమో ఒత్తు కావాలి. కాబట్టి మా గుంపు మొత్తం పేరులో మూడొంతులు రాసి, ఆఖరు అక్షరం దగ్గర బలపం పట్టుకుని ఆగిపోయి ఉండేది. నా పేరు నేను పూర్తిగా రాసుకోవాలి. లోకంలో నాకు ఇంకేమీ వద్దు. వచ్చే శనివారం నూనె వంతు మాది.

నాయినను అడిగాను. మా నాయిన ఎడ్ల అంగట్లో దళారి. గడబిడ రోజులు కావడంతో ఎడ్లను బయటికి తోలుకొచ్చేవాళ్లు లేక ఆయన చేతికి పని లేదు.

"ఐదణాల నూనె కాలవెట్టి అ ఆలు దిద్దితె నా ఎడ్లు అమ్ముడువోతయా" అన్నాడు. "దిగినంక జూద్దాం."

"ఎప్పుడు దిగుతది నాయినా? అసలు గా ధర ఎవలు జేస్తరు?"

"ఎవలు జేస్తరు, ఇద్దరు సేట్లు జేస్తరు. మనూరి సేటు, పక్కూరి సేటు. మంగళారం అంగట్ల, తువ్వాల కింద. మేం ఎడ్లకు జేసినట్టే."

నాకు ప్రాణం లేచి వచ్చింది. తువ్వాల కింద బేరం ఏమిటో నాకు తెలుసు. ఎద్దును కొనేవాడూ అమ్మేవాడూ నోటితో ధర చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పి, లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు. ఒప్పుకుంటే అన్నే వేళ్లు తిరిగి నొక్కుతారు, తువ్వాల భుజాన వేసుకుంటారు. అక్కడితో ఖాయం. తువ్వాల కింద తేలిన మాట తర్వాత నోటికి తేకూడదు, తెచ్చినవాడు మనిషి కాదు. ఇవన్నీ పని లేని సాయంత్రాలు నాయినే నాకు ఆటలాగా నేర్పాడు. (ఆయనకు ఆట, నాకు చదువు. ఆ చదువుకు నూనె అక్కరలేదు.)

మంగళవారం సద్దిమూట మోసుకుని నాయిన వెంట అంగడికి పోయాను. సేట్లు ఇద్దరూ ఒక బండి నీడలో పక్కపక్కన కూర్చున్నారు. పక్కూరి ఆయన చెవులు చాటలంత ఉండేవి, చెవుల సేటు అనేవాళ్లు. మధ్యలో ఎర్ర అంచు తువ్వాల. నేను బండి చక్రం వెనుక కూర్చుని దాని ఆకుల సందుల్లోంచి చూస్తున్నాను. ఊరికే చూద్దామనే, ధర పుట్టే జాగా ఎట్లుంటదో అని. తువ్వాల కదిలిన తీరు చూస్తే చెవుల సేటు ముందు పిడికెడు వేళ్లు పట్టి, ఆపైన ఇంకొకటి పట్టాడు. ఆరు. దిగడం కాదు, ఇంకా ఎక్కుతున్నది.

అప్పుడే మిలిట్రీ లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ అంగట్లోకి వచ్చింది. ఒక ఎద్దు బెదిరి పలుపు తెంపుకుంది. అది చెవుల సేటు నూనె డబ్బాలున్న దిక్కే పోతుండేసరికి ఆయన చెయ్యి గుంజుకుని ధోతి ఎగగట్టి ఉరికాడు. నశ్యం సేటు మాత్రం కదలలేదు. అప్పుడే ముక్కునిండా ఎక్కించాడు, దానికి తోడు లారీ దుమ్ము. కళ్లు మూసుకుని తుమ్ముతున్నాడు, ఒకటి, రెండు, మూడు. ఆయన చెయ్యి తువ్వాల కింద అట్లనే చాపి ఉంది. పిలిచినట్టే ఉంది. ఒట్టు, నేను ముందు అనుకోలేదు. నా చెయ్యే పోయింది. చక్రం సందులోంచి తువ్వాల కిందికి దూరి ఆయన మూడు వేళ్లు గట్టిగా పట్టుకుంది. సేటు నాలుగోసారి తుమ్మి, నా మూడు వేళ్లు తిరిగి నొక్కాడు. నేను చెయ్యి గుంజుకుని బండి కింద పడుకున్నాను.

సేటు కళ్లు తుడుచుకుని తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. డబ్బాలు కాపాడుకుని వచ్చిన చెవుల సేటు, నశ్యం సేటు భుజాన ఉన్న తువ్వాల చూశాడు. తన ఆరు ఖాయమైందనుకుని చెప్పులు వేసుకుని సంతోషంగా పోయాడు.

తెల్లారి మా ఊళ్లో సీసా మూడణాలు. అవ్వ నమ్మలేదు. "సేటు, పానం మంచిగున్నదా?" అని అడిగింది. "పైనుంచి అట్ల వచ్చిందవ్వా" అన్నాడు. "పైన పిల్లి ఈనినట్టున్నది" అని అవ్వ సీసా నిండా పోయించుకుంది. పక్కూళ్లో ఆరణాలు. పక్కూరివాళ్లంతా సీసాలు పట్టుకుని పొలాల గట్ల మీదుగా మా ఊరికి నడిచి వచ్చారు. మర్నాడు వాళ్ల వెనుకనే చెవుల సేటూ బండి కట్టుకుని వచ్చాడు. దుకాణం ముందు సీసాలు పట్టుకున్న జనం. నోటితో ధర మాట అనరాదు కదా, చెవుల సేటు మొదలుపెట్టిన కొట్లాట ఇట్లా సాగింది.

"తువ్వాల కింద నువ్వేం జెప్పినవు?"

"నువ్వేం జెప్పినవో గదే."

"నేనెంత జెప్పిన?"

"నువ్వు జెప్పింది నీకెరుక లేదా?"

"నాకెరుకనే. నీకెరుకనా అని అడుగుతున్న."

"ఎరుక లేకనే అమ్ముతున్ననా?"

"సేట్లూ, మీ ఎరుక తర్వాత జూసుకోండ్రి, ముందు నా సీసాల పొయ్యండ్రి" అన్నది మా అవ్వ. అందరూ నవ్వారు. చెవుల సేటు చెవులు ఎర్రగా చేసుకుని పోయాడు. సాయంత్రానికి ఆయన ఊళ్లోనూ మూడణాలే అయింది. కాకుంటే ఏం చేస్తాడు, కొనేవాళ్లంతా మా ఊళ్లోనే ఉంటే.

నా సంబరం శుక్రవారం దాకే నిలిచింది. జొన్నగట్క తింటూ నాయిన అన్నాడు. "అంగట్ల ఎవడో దొంగచెయ్యి వెట్టిండట. ఏ దళారి ఇంటోడో అయుంటడు, లేకుంటె వేళ్ల లెక్క ఎట్ల ఎరుక. దొరికితె గా ఇంటోళ్లకు ఇంకెవ్వడు చెయ్యి ఇయ్యడు. అడుక్కతినుడే." నేను నా పేరు చివరి అక్షరం కోసం పోయి నాయిన పేరు మొత్తం తుడిచిపెట్టానని అప్పుడు అర్థమైంది.

శనివారం నాయినే నా చేతికి సీసా, పైసలు ఇచ్చాడు. "దిగింది గద, నీ వంతు పోసుకరా" అన్నాడు. ఎంత అడిగానో ఆ మాట కోసం. ఇప్పుడు ఊరంతా చుట్టు తిరిగి దుకాణానికి చేరాను. దుకాణంలో ఇంకెవరూ లేరు. సేటు నన్ను చూసి నశ్యం డబ్బీ మూత పెట్టాడు.

"చెయ్యి సాపు."

చాపాను.

"గాజులు మూడు. నడిమిది పలిగింది." తన మణికట్టు తిప్పి చూపించాడు, సన్నగా గీరుకుపోయిన గీత. "ముప్పై ఏండ్ల సంది బేరం జేస్తున్న. గాజులున్న చేతితోని జేసుడు గిదే మొదలు."

"మా నాయినకు ఎరుక లేదు సేటు" అన్నాను. ఏడుపు దానంతట అదే వచ్చింది. "మా నాయినకు జెప్పకు. ఆరే తీసుకో. అందరి దగ్గర ఆరే తీసుకో."

"ఏడ్వకు. నేను నొక్కిన్నా లేదా?"

"నొక్కినవు."

"నొక్కినంక బేరం బేరమే." గడప బయట ఎవరూ లేరని చూసుకున్నాడు. "నువ్వు చెయ్యి వెట్టకున్నా దించుదామనే ఉండె. ఇంట్ల దాపెట్టిన డబ్బాలు, తొవ్వ మీద మిలిట్రీ. నిద్ర వడ్తలేదు. కాని ముందుగాల నేను దించిన్ననుకో, మాట దప్పిండంటడు ఆ చెవులాయన. నువ్వొచ్చి నా మాట నిలవెట్టినవు."

(ఆయన మంచితనం ఎంతో, ఆయన భయం ఎంతో నేను విడదీసి చూడలేదు. మునిగేవాడికి అందిన కొమ్మ ఏ చెట్టుదైతేనేం.)

అప్పుడు అసలు పని చెప్పాడు. దుకాణం ముందు ధర రాసి పెట్టకుంటే డబ్బాలు గుంజుకుపోతామని మిలిట్రీవాళ్ల హుకుం. సేటుకు తన చిట్టాల రాత తప్ప ఊరివాళ్లు చదివే తెలుగు రాత రాదు. "పంతులు కాడికి పోతున్నవు గద. రాయి" అని ఒక చెక్క, సున్నం, కుంచె ముందు పెట్టాడు. నేను కూర్చున్నాను. గ్యాసునూనె అని రాయాలంటే మొదటి అక్షరానికే ఒత్తు. ఒత్తులు ఇంకా రాలేదు. రాదని చెప్పడానికి నోరు రాలేదు. చాలాసేపు ఆలోచించి ఒక పెద్ద సీసా బొమ్మ గీశాను. దాని పక్కన అంతే పెద్దగా మూడు అంకె వేశాను. సేటు తల అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "గిది సదువు రానోళ్లకు గూడ అర్థమైతది" అని తలుపుకు కట్టాడు. నా వంతు నూనెకు పైసలు తీసుకోలేదు. మా ఊళ్లో అందరికీ కనబడేలా పెట్టిన మొదటి ధర అది. ఆ రోజు నుంచి మొఖం చూసి ధర చెప్పడం పోయింది. అవ్వకైనా పటేలుకైనా ఆ చెక్క మీదిదే. పెరిగిన రోజు చెక్క తుడిచి రాసేదీ నేనే. పెరిగితే అవ్వ నన్నే తిట్టేది.

ఆ నూనెతో కందిలి వెలిగింది, నా పలక నాకే ఉండిపోయింది. గోడకు ఆనుకున్నవాళ్లు పాపం నిట్టూర్చారు. కోతల దాకా పంతులు ఉన్నాడు. పోయే వారం ముందు ఒత్తులు మొదలుపెట్టి కొన్నే చెప్పగలిగాడు, అందులో మకు మ ఒత్తు ఉంది. ఆ సాయంత్రం మా గుంపులో ఆడవాళ్లందరూ పేరు పూర్తి చేసి, ఒకరి పలక ఒకరికి చూపించుకుని, పెళ్లి అయినంత పని చేశారు. మిగిలిన ఒత్తులు నాకు ఈనాటికీ రావు. మా ఆయన పోయాక పింఛను కాగితం మీద వేలిముద్ర వెయ్యమని ముందుకు తోస్తే పెన్ను అడిగాను. అక్కడివాళ్లు ఆగి చూశారు. ఆఖరు ఒత్తు పెడుతున్నప్పుడు నాకు కందిలి వాసన వచ్చింది. బెదిరిన ఎద్దుకు, లారీ దుమ్ముకు, సేటు తుమ్ముకు, నోరు మూసుకున్న ఆయన మంచితనానికి నేను దండం పెట్టుకోని రోజు లేదు. నాయినకు మాత్రం చివరిదాకా తెలియదు. ఇప్పుడు ఇది అచ్చయితే పైన చదువుకుంటాడేమో అని భయపడ్డాను గానీ, ఆయనకు చదువు రాదు.

మొన్న సిలిండరు తెచ్చిన అతను చీటీ ఇచ్చాడు. అంకెల కింద వేలు పెట్టి చదువుకున్నాను. మళ్లీ పెరిగింది.

"ఎవలు జేస్తరయ్యా గీ ధర?" అన్నాను.

"పైనుంచి వస్తది అవ్వా" అన్నాడు.

నేను తల ఎత్తి పైకప్పు చూశాను. పిల్లి కూడా లేదు. అప్పుడు నా చెయ్యి నన్ను అడక్కుండానే, వెనుక ఒకసారి పోయినట్టే పోయింది. కొంగు కప్పి అతని మూడు వేళ్లు పట్టుకున్నాను. అతను ఏమనుకున్నాడో, "సల్లగుండు అవ్వా" అని వంగి నా కాళ్లకు దండం పెట్టి పోయాడు. తిరిగి నొక్కాలని పాపం అతనికేం తెలుసు. కొంగు కింద ఖాళీ చెయ్యి పట్టుకుని, గాజులు లేని ఆ మణికట్టు చూసుకుంటూ కాసేపు అట్లనే నిలబడి నవ్వుకున్నాను.