సూర్యలంకలో తెగిన జంధ్యం

సముద్రంలోంచి మొగుళ్ళు లేచి వస్తుంటే ఒడ్డున ఉన్న ఆడవాళ్ళందరూ తమవాడు ఎన్నోవాడుగా వచ్చాడో లెక్కపెట్టుకుంటున్నారు. నేను మాత్రం మా ఆయన ఎడమ భుజం చూసి అక్కడే ఆగిపోయాను. భుజం మీద జంధ్యం లేదు.

నా భయం మీకు అర్థం కావాలంటే ముందు ఈ మనిషి ఎవరో చెప్పాలి. మా ఆయన వేంకటసుబ్రహ్మణ్యం అర్చకులు. తెనాలి నుంచి కొలకలూరు వెళ్ళే దారిలో ఒక చిన్న శివాలయం ఉంది. ఆయనా, వాళ్ళన్నయ్య ప్రకాశం గారూ వారం వారం వంతులు వేసుకుని అక్కడ పూజ చేస్తారు. నేను తెనాలిలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. నా పేరు హైమావతి. మాది ఏ గొడవా లేని ఇల్లు. ఆయనకి షుగరు వచ్చేదాకా.

డాక్టరు నడవమన్నాడు. ఈయన నడిచారు. కొన్నాళ్ళకి నడక చాలలేదు, తెల్లవారకముందే కాలువ గట్టు మీద పరుగు మొదలుపెట్టారు. ఆ తరవాత గుడికి వచ్చే భక్తుడొకాయన వాడకుండా పడేసిన గేర్ల సైకిలు ఇంటికి వచ్చింది. ఈత ఎలాగూ చిన్నప్పుడే వచ్చు. రేపల్లెలో వాళ్ళ మేనమామ నడుముకి ఎండు సొరకాయ కట్టి కాలువలోకి తోసేసి నేర్పాడట. ఈ మూడూ ఒకే పొద్దున ఒకదాని వెనక ఒకటి చేసే పోటీ ఒకటుందని ఈయన చెవిన వేసింది ఎవరో గానీ, ఆ మహానుభావుడి కోసం నేనింకా వెతుకుతూనే ఉన్నాను.

ముందు సముద్రంలో ముప్పావు కిలోమీటరు ఈత. తరవాత సైకిలు మీద బాపట్ల పొలిమేర దాకా వెళ్ళి రావడం, అది ఇరవై కిలోమీటర్లు. ఆ పైన అయిదు కిలోమీటర్ల పరుగు. అంతా రెండు గంటల్లో అయిపోవాలి. ఇదే చిన్న పోటీ అట. పెద్దదెలా ఉంటుందో నేను అడగలేదు.

పోయిన ఏడాది ఈయన సముద్రంలో ఉప్పునీళ్ళు మింగి, సగంలోనే పడవ ఎక్కి వచ్చారు. కాలువలో నీటివాటున పోయి కింది రేవులో తేలే అలవాటు కదా, సముద్రం అలా పోనివ్వలేదు. ఆ సంగతి ఊరంతా తెలిసింది. ఈసారి తన వంతు పూజ ఒక్క ఆదివారం చూడమని అడగడానికి వెళితే ప్రకాశం బావగారు వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడారు.

"అర్చకుడివి నిక్కరేసుకుని రోడ్డు మీద ఏంట్రా ఈ పరుగులు? సరే, ఇదొక్కసారి చూస్తాను. పూర్తి చేశావా, నేనింక నోరెత్తను. చెయ్యలేదా, ఆ సైకిలు అమ్మేసి బుద్ధిగా గుళ్ళో కూర్చో. మళ్ళీ నన్ను అడక్కు."

మా ఆయన "సరే అన్నయ్యా" అన్నారు. అన్నగారి దగ్గర సరే అంటే అంతే. ఆ మాట మీద ఇంక తిరగరు.

ఆయన సంగతి నాకు తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన బతుకంతా ఇంకొకరి పిలుపు మీదే నడిచింది. గుడి తలుపు, అభిషేకం, ఎవరింట్లోనో వ్రతం, ఎవరింట్లోనో తద్దినం. కాలువ గట్టు మీది ఆ గంట ఒక్కటే ఆయనది. ఆ గంట మొదలయ్యాక ఆయన ఇంట్లో నవ్వడం మొదలుపెట్టారు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి నాకు మాట్లాడే మొగుడు దొరికాడు. మళ్ళీ ఆ పాత మనిషితో కాపురం చెయ్యడం నా వల్ల కాదు. అందుకే ఆ రోజు ఆయన కంటే నాకే ఎక్కువ గాభరాగా ఉంది.

ఇక జంధ్యం సంగతి. అది తెగితే కొత్తది వేసుకునేదాకా మాట్లాడకూడదు, మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. మా మామగారి నియమం అది. కదలకూడదనే వాళ్ళూ ఉన్నారు గానీ, ఆ ఒక్కటీ ఈయన తనంతట తాను మినహాయించుకున్నట్టున్నారు. మలుపు దగ్గర అందరూ ఒకరి మీద ఒకరు పడి ఈదుతుంటే ఎవరిదో చెయ్యి తగులుకుని పోగులన్నీ ఒక్కసారే తెగిపోయాయని తరవాత చెప్పారు.

కొత్త జంధ్యం లేక కాదు. నా హ్యాండ్‌బ్యాగులో పసుపు రాసి పెట్టుకున్నది ఉంది. అది ఆయన సంచిలోనే ఉండాల్సింది. ఈత అయ్యాక బట్టలూ బూట్లూ వేసుకోవడానికి ఒక్కొక్కరూ ఒక్కో సంచి సైకిలు పక్కన పెట్టుకుంటారు. ముందురోజు నేను జంధ్యం తీసుకెళ్ళి ఆ సంచిలో పెడితే ఈయన బయటికి తీసేశారు.

"బూట్లున్న సంచిలోనా హైమా? నీ దగ్గరుంచు."

నేనూ నిజమే కదా అనుకుని ఉంచుకున్నాను. ఇద్దరికిద్దరం అంత తెలివైనవాళ్ళం.

ఆయన సైకిలు దగ్గర కాళ్ళు తుడుచుకుని చొక్కా తగిలించుకుంటుంటే నేను చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు ఇవతల నుంచి పిలిచాను.

"ఏమండీ, తెగిందా?"

తలూపారు. నేను బ్యాగు జిప్పు తీశాను. వద్దని గట్టిగా చెయ్యి ఊపి సైకిలు ఎక్కేశారు. బయటివాళ్ళ దగ్గర ఏది తీసుకున్నా పోటీలోంచి తీసేస్తారని ముందురోజు మీటింగులో పదిసార్లు చెప్పారు. ఆయన శ్రద్ధగా విన్న మీటింగు అదొక్కటే.

మంచినీళ్ళ బల్ల దగ్గర శేషగిరిరావు గారని రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉన్నారు. నియమాలు చూసేది ఆయనే. బల్ల మీద నీళ్ళ సీసాలు, అరటిపళ్ళు, పక్కన తొట్టిలో ఎండకి నెత్తిన వేసుకోవడానికి తడిపిన నూలు తుండ్లు ఉన్నాయి. నేను ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, మా ఆయనకి ఒక్క వస్తువు అందించాలండి."

"ఏ వస్తువమ్మా?"

గుప్పిట తెరిచి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"అమ్మా, ఇంటివాళ్ళు పిన్నీసు అందించినా పేరు కొట్టేస్తాం. మా బల్ల మీదున్నది ఏదైనా తీసుకోవచ్చు. బయటిది కుదరదు."

"పోనీ మీ బల్ల మీదే పెట్టండి."

"ఒకరికి పెడితే అందరికీ పెట్టాలి తల్లీ. మా ఇంట్లోనూ ఆచారాలున్నాయి, నాకు తెలీక కాదు."

మంచివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది, పోట్లాడటానికి కూడా ఉండదు. నేను వచ్చి సరుగుడు చెట్టు కింద నిలబడ్డాను. ఎండ ఎక్కుతోంది. పొద్దున సంధ్యావందనం అయ్యాక రెండు అరటిపళ్ళు తిని షుగరు మాత్ర వేసుకున్న మనిషికి, ఆ తరవాత లోపలికి పోయినదల్లా సముద్రపు ఉప్పునీళ్ళే. సైకిలు తొక్కే మనిషికి ఎన్ని నీళ్ళు కావాలో, మాత్ర వేసుకున్నవాడికి చక్కెర ఎంత పడిపోతుందో లెక్కలు వేసుకుంటూ నిలబడ్డాను. లెక్కల టీచరుగా ఉన్నందుకు నన్ను నేను మొదటిసారి తిట్టుకున్నాను. ఆయన మీద కోపం వచ్చింది. బావగారి మీద వచ్చింది. ఆ దారం వడికినవాడి మీద కూడా వచ్చింది.

సైకిళ్ళు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఈయనది చాలా వెనక వచ్చింది. సైకిలుకి తగిలించిన సీసాలో నీళ్ళు నేను పోసినవి పోసినట్టే ఉన్నాయి. దిగేటప్పుడు కాలు ఎత్తలేక సైకిల్ని పక్కకి వంచి దిగారు.

"ఏమండీ, తాగండి. ఆ పరమేశ్వరుడు కూడా విషం తాగాడు, మీకు నీళ్ళకేంటి?"

నా వైపు చూశారు. అడ్డంగా తలూపి పరుగు అందుకున్నారు. పెళ్ళిలో కూడా నేనింత బతిమాలలేదు.

పరుగు రెండు చుట్లు. తీరం రోడ్డున పోయి, మంచినీళ్ళ బల్ల దగ్గరికి వచ్చి, మళ్ళీ తిరగాలి. మొదటి చుట్టు ముగించి వస్తున్నప్పుడు దూరం నుంచే తేడా తెలిసిపోయింది. నిటారుగా రావడం లేదు. దగ్గరికి వచ్చాక చూస్తే పెదాలు తెల్లగా అయిపోయాయి, ఒంటి మీద చెమట ఆరిపోయి ఉప్పు చారలు మిగిలాయి. బల్ల దగ్గర డాక్టరమ్మ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది. స్నేహ అట, చిన్నపిల్ల.

"సార్, మీ పేరేంటి?"

ఈయన మాట్లాడలేదు.

"సార్, నేను మాట్లాడేది వినపడుతోందా? ఇవాళ ఏ వారం?"

చూస్తున్నారు గానీ నోరు మెదపరు. నీళ్ళ సీసా నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకున్నారు.

ఆ అమ్మాయి శేషగిరిరావు గారి వైపు తిరిగి, "ఈయనకి స్పృహ సరిగ్గా లేదు సార్. ఆపేద్దాం, అంబులెన్సుని పిలవండి" అంది.

తాడు ఇవతల నా గుప్పిట్లో జంధ్యం చెమటకి తడిసిపోయింది. విసిరితే ఆయన చేతిలో పడుతుంది. ప్రాణం నిలుస్తుంది, సైకిలు పోతుంది. పోతే పోయిందని చెయ్యి ఎత్తాను కూడా. ఆయన అది చూశారు. ఆ చూపులో వద్దని బతిమాలడం ఉంది. నన్ను ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. చెయ్యి దించేశాను.

అప్పుడు నా కళ్ళు తొట్టి మీద పడ్డాయి. మా మామగారు వసారాలో శిష్యులకి పాఠం చెబుతుంటే వంటింట్లో పప్పు రుబ్బుకుంటూ ఎన్నిసార్లు విన్నానో. జంధ్యం దొరకని చోట ఉత్తరీయమే ఆ తీరున వేసుకుంటే ఆ పూటకి అదే జంధ్యం. ఈయనకి నాకంటే బాగా తెలుసు. కానీ నీళ్ళు లేని బుర్రకి ఏం గుర్తొస్తుంది.

"ఏమండీ, ఉత్తరీయం. తొట్టిలో తుండు చూడండి."

ఒక క్షణం ఆయనకి అర్థం కాలేదు. తరవాత డాక్టరమ్మ చెయ్యి విడిపించుకుని తొట్టిలోంచి తుండు తీశారు. ఎడమ భుజం మీద వేసి, కుడి చంక కిందుగా తెచ్చి ముడి వేసుకున్నారు. తూర్పుకి తిరిగి కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. కళ్ళు తెరిచి సీసా అందుకుని గటగటా తాగేశారు.

"ఇప్పుడు చెప్పండి సార్, మీ పేరేంటి?"

కొత్త జంధ్యం వేసుకున్న మనిషిని పేరడిగితే ఏం చేస్తాడు? ఈయన రెండు చేతులూ చెవుల మీద అడ్డంగా పెట్టుకుని "చతుస్సాగర పర్యంతం" అని మొదలుపెట్టారు. డాక్టరమ్మ మొహం పాలిపోయింది.

"అమ్మా, ఈయన ఏదేదో సంబంధం లేకుండా మాట్లాడుతున్నారు."

"సంబంధం ఉందండి. అది ఆయన పేరే. రుషుల దగ్గర్నుంచి చెబుతున్నారు, పేరు చివర్లో వస్తుంది. కాస్త ఓపిక పట్టండి."

గోత్రం అయింది, సూత్రం అయింది, శాఖ అయింది. చివరికి వేంకటసుబ్రహ్మణ్య శర్మ దగ్గరికి వచ్చారు. శేషగిరిరావు గారు చేతిలో కాగితంతో సరిచూసుకుని "సరిగ్గానే ఉంది డాక్టరుగారూ" అన్నారు. తరవాత నా వైపు తిరిగి, నేను అడగకముందే, "తుండు మా తొట్టిలోదే కదమ్మా" అన్నారు.

డాక్టరమ్మ వేలికి సూది గుచ్చి చూసింది. చక్కెర బాగా పడిపోయింది. కూర్చోబెట్టి గ్లూకోజు నీళ్ళు తాగించింది, అరటిపండు తినిపించింది, మళ్ళీ సూది గుచ్చింది. ఎంతసేపటికీ లేవనివ్వదు. పక్కన పోటీ ముగిసే చోట కట్టిన ఆర్చీ మీద గడియారం తిరుగుతూనే ఉంది. ఆగిపొమ్మని చెబుదామని నాకు నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను. చివరికి ఆ పిల్ల, "వెళ్ళండి సార్. కళ్ళు తిరిగితే మాత్రం అక్కడే కూర్చోవాలి" అంది. ఆయన "అలాగే తల్లీ" అని లేచారు. ఈత మొదలయ్యాక ఆయన మామూలు నోటితో అన్న మొదటి మాట అది.

రెండో చుట్టు నాకు కనపడలేదు. రోడ్డు వంపు తిరిగి సరుగుడు తోటల్లోకి పోతుంది. వచ్చినవాళ్ళు మెడల్సు వేసుకుని ఫొటోలు దిగుతున్నారు. నేను గడియారం వైపు చూడకూడదనుకుని చూస్తూనే ఉన్నాను. శేషగిరిరావు గారు విజిలు నోట్లో పెట్టుకుని ఆర్చీ కింద నిలబడ్డారు. రెండు గంటలు కాగానే ఊదుతారు. ఆ విజిలు ఊదాక వచ్చినవాళ్ళు రానట్టే.

వంపులో ముందు ఎర్రంచు తెల్లతుండు కనిపించింది. తరవాత మనిషి. అది పరుగని ఎవరూ అనరు, నడక అని నేను అననివ్వను. అడుగు పడితే చాలన్నట్టు వస్తున్నారు. ఇంకా నిమిషం కూడా లేదు. వేళ్ళతో జంధ్యం మీద ముడి తడుముకుంటూ నిలబడ్డాను. ఆయన ఆర్చీ దాటి, శేషగిరిరావు గారి భుజం పట్టుకుని ఆగారు. ఆ తరవాత విజిలు మోగింది.

మెడలో మెడల్ వేయబోతే "ఒక్క నిమిషం ఉండండి" అని నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు. జంధ్యం ఇచ్చాను. మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి, తుండు తీసి, పద్ధతిగా వేసుకుని వచ్చారు. అప్పుడు కూర్చుని అన్నగారికి ఫోను చేశారు. దాచడం ఆయనకి చేతకాదు. జంధ్యం తెగడం, నోరు మూసుకోవడం, తుండు, అన్నీ వరసగా చెప్పేశారు. తుండుని పట్టుకుని తప్పులెంచుతారేమోనని నేను ఫోను లాక్కున్నాను.

"బావగారూ, పూర్తయిందండి. విజిలుకి ముందే వచ్చారు."

"విన్నానమ్మా. మంత్రం చెప్పుకున్నాకేనా నీళ్ళు తాగింది?"

"అవునండి. నేను కళ్ళారా చూశాను."

ఫోనులో ఆయన వెనక గుళ్ళో గంట మోగుతోంది, ఎవరో ప్రసాదం అడుగుతున్నారు.

"సరే. వచ్చే ఏడాదైనా ఆదివారం కాకుండా పెట్టమని వాళ్ళతో చెప్పమను. నా వంతు కాని రోజు కూడా ఇంత జనంతో వేగలేక చస్తున్నాను."

"చెబుతానండి బావగారూ" అని ఫోను పెట్టేశాను. వచ్చే ఏడాది అన్నారు. మా ఆయన నా మొహం చూసి "ఏమన్నాడు?" అని అడిగారు. నాకు ఏడుపు ఆగక చెప్పలేకపోయాను.