రైల్లో కరుణ పిన్ని పంచిన సిరప్

నిన్న పొద్దున్న బాబాయి నంబర్ నుంచి ఫోన్. ఎత్తితే పక్కింటాయన. "కరుణమ్మ గారు పోయారు బాబూ. గుండెపోటు."

"ఏ కరుణమ్మ గారండీ?" అని అడిగాను.

నాకున్నది ఒక్కతే కరుణ పిన్ని. మా అమ్మ చెల్లెలు. సామర్లకోట.

సాయంత్రం సమాధి దగ్గర ఒక పెద్దాయన "ఆ పిల్లాడి దిగులుతోనే పోయింది" అన్నాడు. అక్కడే గొడవ పెట్టుకున్నాను. ఇక్కడా చెప్తున్నా, ఆ మాట ఎవరూ అనొద్దు.

ఆ పిల్లాడు బన్నీ, పిన్ని ఒక్కగానొక్క కొడుకు. ఆటిజం. మాటలు తక్కువ, నిద్ర ఇంకా తక్కువ. వాడు మేలుకుంటే ఇల్లంతా మేలుకోవాల్సిందే.

ఆటిజం ఉన్న పిల్లల నిద్ర కోసం వైజాగ్‌లో ఒక ఆసుపత్రి కొత్త సిరప్ మీద క్లినికల్ ట్రయల్ పెట్టింది. పిన్ని వాణ్ణి చేర్పించింది. అప్పటికి నేను మందుల కంపెనీల మీద కరపత్రాలు బాగా చదివి ఉన్నాను. "మన పిల్లలేమైనా ఎలుకలా?" అని ఇంటికెళ్ళి మరీ అరిచాను.

"వచ్చారండీ లాయరు గారు," అంది పిన్ని, చేపలు తోముతూ. "ఎవరి పిల్లలూ చేరకపోతే మందు ఆకాశంలోంచి ఊడిపడుద్దా? అన్నీ అడిగే చేర్పించాన్రా. వద్దనుకున్న రోజు మానేయొచ్చంట."

కొందరికి అసలు మందు. కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త సిరప్. ఎవరికి ఏది వచ్చిందో తల్లులకీ తెలియదు, చూసే డాక్టర్లకీ తెలియదు.

నాకు అదే ఎక్కువ మండింది.

వైజాగ్ వెళ్ళే రైల్లో పిఠాపురం దగ్గర రత్నం గారు ఎక్కేవారు. చేపలమ్ముతారు. ఆవిడ కొడుకు శివ కూడా అదే ట్రయల్లో ఉన్నాడు.

కొన్నాళ్ళకి బన్నీ తెల్లార్లూ పడుకోవడం మొదలుపెట్టాడు. శివలో ఏ మార్పూ లేదు.

ఒకసారి తిరుగు రైల్లో రత్నం గారు అన్నారట, "మీవోడికి మందు పడిందక్కా. మావోడికి నీళ్ళే ఇత్తన్నట్టున్నారు."

పిన్ని ఊరుకోలేకపోయింది. బన్నీ సీసా మూత తీసి సగం శివ సీసాలోకి వంపేసింది. పక్కింటికి కూర గిన్నె అందించినంత మామూలుగా.

రత్నం గారు ఆశకొద్దీ శివకి కాస్త ఎక్కువే పట్టారు. మర్నాడు వాడు ఎంత లేపినా సరిగ్గా లేవలేదు.

ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను పిన్ని ఇంట్లోనే ఉన్నాను. "డాక్టర్లకి చెప్తే ఇద్దర్నీ తీసేత్తారక్కా," అని ఒకటే ఏడుపు.

"శివని ముందు దగ్గర్లో ఆసుపత్రికి తీసుకెళ్ళు. వైజాగ్‌కి నేను చెప్తాను," అంది పిన్ని.

నేను ఫోన్ లాక్కోబోయాను. "తప్పు వాళ్ళదే పిన్నీ. పంచుకోకూడదని ముందే చెప్పాలి కదా. నేను మాట్లాడతాను."

"చెప్పార్రా. నేనే వినలేదు."

వైజాగ్ ఆసుపత్రి వాళ్ళు అత్యవసరానికని ఇచ్చిన నంబర్‌కి చేసి మొత్తం చెప్పింది. శివ తేరుకున్నాడు. పిల్లలిద్దర్నీ ట్రయల్ నుంచి తీసేశారు.

బన్నీ నిద్ర మళ్ళీ పోయింది.

"ఒంపిన మాట దాచి ఉండాల్సింది పిన్నీ, శివకి మందు పడలేదని మాత్రం చెప్తే పోయేది," అన్నాను.

"దాస్తే వాళ్ళ లెక్క తప్పుద్ది. ఆ తప్పు లెక్క చూసే రేపు ఎవరి బిడ్డకో మందు పోస్తారు. ఆ బిడ్డ మొహం నువ్వు చూడవు కాబట్టి అలా అంటన్నావు."

ఆ బిడ్డ సంగతి నేను చదివిన కరపత్రాల్లో ఎక్కడా లేదు.

ట్రయల్ అయిపోయాక ఆ పిల్లలకి మందు ఎవరిస్తారన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది. అడుగుతూనే ఉంటాను. పిన్ని మాత్రం బన్నీని మామూలు చెకప్‌కి తీసుకెళ్ళినప్పుడల్లా, ట్రయల్‌కి కొత్తగా వచ్చిన తల్లుల దగ్గర కూర్చుని చెప్పేదట. "రైల్లో సీసా మూత తియ్యకండమ్మా. ఇడ్లీలు పంచుకోండి, చాలు."

ట్రయల్ ఇంకా నడుస్తోంది. బన్నీ తాగింది అసలు మందో, తీపి నీళ్ళో అది పూర్తయ్యాక చెప్తామన్నారు.

పిన్నికి ఇక ఆ సంగతి తెలియదు. ఏం వదులుకుంటోందో తెలియకుండానే వదులుకుంది.

వచ్చే చెకప్‌కి బన్నీని నేను తీసుకెళ్తున్నాను. బాబాయికి చెప్పాను. వాడు నా పక్కన కూర్చుంటాడో లేదో చూడాలి.

వెళ్ళిరా పిన్నీ. నేను ప్రార్థన చేసే మనిషిని కాదని నీకు తెలుసు. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర నీకు శాంతి దొరకాలి.