ఊరందరికీ ఒకే చిరునామా

నడిసముద్రంలోని మా సవాయీ దీవిలో, మా ఊళ్లో ఆసుపత్రి గది కట్టించింది నేను. పాస్టరు బడిలో నాలుగు తరగతులు చదివినవాణ్ని, రాజధాని దాకా తిరిగి ఊరికి ఇంటర్నెట్ తెప్పించిందీ నేనే. అయితే దాన్ని నడిపినవాడు పెలెనాతో. చేపల పడవ అమ్ముకుని ఆ పని నేర్చుకున్నాడు.

బడి, ఆసుపత్రి, చాపలల్లే ఆడవాళ్ల సంఘం, పెద్దల ఇళ్లు అన్నీ అతని ఇంట్లోని రౌటర్ పెట్టెకే కలిశాయి. ఊరిలోపల ఎన్ని కంప్యూటర్లున్నా బయటి లోకానికి మాది ఒకటే ఇంటర్నెట్ చిరునామా. వచ్చిన జవాబు ఎవరిదో పెట్టె చూసి వాళ్లకే అందిస్తుంది. ఖర్చు తక్కువ. బయటివాడు నేరుగా లోపలికి రాలేడు కూడా.

"కుటుంబ పెద్ద పేరు లాంటిదే అన్నా. మాట్లాడింది ఎవరైనా బయట వినపడేది పెద్ద పేరే," అని నవ్వేవాడు పెలెనాతో.

ఒకరోజు విదేశాల్లో మా చాపలు అమ్మిపెట్టే కంపెనీ మా చిరునామాకు తలుపు మూసేసింది. మా ఊరినుంచి వాళ్లకు చెత్త ఈమెయిల్ ఉత్తరాలు కుప్పలుగా పోయాయట. ఆడవాళ్ల అమ్మకాలు ఆగిపోయాయి. పెద్దల సభ కూడింది.

"ఎవరింటి నుంచి పోయాయో చెప్పు," అన్నాడు సభ పెద్ద తుయిలోమా, పెలెనాతో వైపు తిరిగి.

"తెలీదయ్యా. చిన్న పెట్టె, ఎవరేం పంపారో రాసిపెట్టుకోదు."

"తలుపు నీది, తాళం నీది, దొంగ మాత్రం తెలీదు. బాగుంది బాబూ."

"విడివిడి చిరునామాలు కొందాం. దొంగ వాడే బయటపడతాడు," అన్నాను నేను.

"ఇక ఆసుపత్రి కథ మొదలెడతావా పెద్దాయనా?" అన్నాడు తుయిలోమా నాతో. అందరూ నవ్వారు.

తప్పు చేసినవాడు దొరక్కపోతే ఆ ఇంటి పెద్ద మొయ్యాలి, అది మా ఆచారం. పెట్టె ఉన్నది పెలెనాతో ఇంట్లో. సభ క్షమించకపోతే ఊరు విడవాలి. తెల్లారగానే అతను ఇంట్లోని మేలురకం చాప క్షమాపణగా నెత్తిన కప్పుకుని సభ ముందు కూర్చున్నాడు. ఆ చాప ఎత్తి క్షమించాల్సింది తుయిలోమా. నాకా హక్కు లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. తుయిలోమా చేమదుంపలు తిని పడుకున్నాడు.

పొద్దు వాలాక పెలెనాతో చాప తానే మడుచుకున్నాడు. మర్నాడు ఓడ ఎక్కేముందు, "పెట్టెకు తడి తగలనివ్వకన్నా," అన్నాడు. అంతే.

వేరే చిరునామా లేనిదే అమ్మకాలు సాగవని తెలిశాక సభ విడి చిరునామాలు కొంది. నెల తిరక్కుండానే ఒకదానికి మళ్లీ తలుపులు పడ్డాయి. అది తుయిలోమా ఇంటిది. అతని కంప్యూటర్‌కు వైరస్ పట్టి ఆ ఉత్తరాలు పంపుతోంది, మొదటినుంచీ.

"యంత్రానికి జబ్బు చేస్తే మనిషిదా తప్పు?" అన్నాడు సభలో. అందరూ తలలూపారు. చాప ఎవరూ తేలేదు. పెలెనాతోకు కబురు పంపుదామన్నాను. అది ఈ పూట తేల్చే మాట కాదన్నారు.

పెట్టె ఇప్పుడు నా ఇంట్లో ఉంది. తడి తగలనివ్వడం లేదు.