ముందే చెప్పేసిన సాక్ష్యం

ఆ రోజుల్లో నా ప్రార్థన దేవుడికి వినిపించలేదేమోనన్న అనుమానం నాకు ఎన్నడూ రాలేదు. వినిపించక తప్పదు. నేను సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాణ్ని. ఆ చప్పుడులో పక్కవాణ్ని చాయ్‌కి పిలవాలన్నా గొంతు చించుకోవాలి. ఆదివారం జగిత్యాల వచ్చి చర్చిలో కూర్చున్నా అదే గొంతు. కొత్తవాళ్లు దాన్ని ఆత్మావేశం అనుకునేవారు, తెలిసినవాళ్లు నన్ను ‘మైకు’ అనేవారు. (నేను ఆమెన్ అంటే వెల్గటూరు దగ్గర గోదావరి ఒడ్డున కొంగలు లేచేవని చెప్పుకుంటారు. అది అతిశయోక్తి. గాలి అటువైపు ఉంటేనే లేచేవి.)

నేను అరిచి అడిగేదంతా ఒక్కటే: కోరుట్ల మేస్త్రీ కూతురు. క్రిస్మస్ కూడికలో చూశాను. జాకెట్లు కుట్టేది, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది కాదు. ఆమె తండ్రి తాపీమేస్త్రీ, కోరుట్ల సంఘంలో పెద్దమనిషి. జగిత్యాలలో నన్ను పెంచిన మా పెద్దమ్మ వెళ్లి సంబంధం అడిగితే ఆయన మర్యాదగా చాయ్ పోయించి, “ప్రార్థన చేసి చెప్తం అక్కా” అన్నాడు. మావాళ్లలో పిల్లనడిగితే ఎవరూ కాదనరు, అవుననరు. ఈ మాటే అంటారు. ఆ తరువాత వానాకాలం వచ్చి పోవచ్చు, వరి కోతలు అయిపోవచ్చు, ప్రార్థన మాత్రం అవుతూనే ఉంటుంది.

“ఇంకెన్ని రోజులు పెద్దమ్మా?” అని నేను గింజుకుంటే ఆమె చాటలో బియ్యం ఏరుతూ, “అడుక్కుంట ఉండాలె, ఆగుకుంట ఉండాలె కొడుకా. మీ పెద్దబాపు కల్లు మానాలెనని నేను పెండ్లయిన కాడికెల్లి ప్రార్థన చేస్తున్న” అనేది.

“మానిండా మరి?”

“ఏడ మానిండు? గని దేవునికి తొందర లేదు, నాకూ లేదు.”

నాకు ఉంది. ఒక ఆదివారం పాస్టరయ్య ప్రసంగంలో, అడిగింది చేతికి రాకముందే వచ్చిందని నమ్మి స్తోత్రం చెప్పేవాడిదే విశ్వాసం అన్నాడు. ఆయన ఏ అర్థంతో అన్నాడో గానీ నాకది దగ్గరి దారిలా వినిపించింది. మా చర్చిలో ప్రసంగం అయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. లేచాను. “కోరుట్ల మేస్త్రీ బిడ్డతోటి నా పెండ్లి దేవుడు ఖాయం జేసిండు. స్తోత్రం!” అన్నాను. చప్పట్లు మోగాయి, ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. పెద్దమ్మ నా అంగీ పట్టి లాగింది.

“ఎప్పుడు ఖాయమైందిరా?”

“విశ్వాసంల అయింది పెద్దమ్మా.”

“మరి గా పిల్లకు ఎరికేనా?”

ఆరాధన ముగిసి మేం బయటికి వచ్చేసరికి పాస్టరయ్య స్కూటర్‌కు కిక్కు కొడుతున్నాడు. మధ్యాహ్నం కోరుట్లలో ఆరాధన నడిపేదీ ఆయనే. (అది నాకు తెలియదా? బాగా తెలుసు. విశ్వాసంలో మరిచిపోయాను.) “మేస్త్రీ నాకు ఒక్క ముక్క చెప్పలే సూడు! ఇప్పుడే పోయి సంఘం ముంగట దీవిస్త” అంటూ దుమ్ము లేపుకుంటూ పోయాడు.

పెద్దమ్మను వెంటేసుకుని దొరికిన బస్సెక్కాను. బస్సు నిండా కొండగట్టు నుంచి తిరిగొస్తున్న ఆంజనేయ మాల స్వాములు. సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాను. “ప్రభువా, టైరు పంక్చర్ చెయ్యి! ఇప్పుడే చెయ్యి!” మనసులోనే అనుకుంటున్నానని నా నమ్మకం. బస్సంతా విన్నదట. మేడిపల్లి దాటామో లేదో ఢామ్మని బస్సు టైరే పేలింది. నా జీవితంలో అంత వేగంగా జవాబొచ్చిన ప్రార్థన మరొకటి లేదు. ఎవరి టైరో చెప్పకపోవడం నాదే పొరపాటు.

కండక్టర్ నేరుగా నా దగ్గరికొచ్చాడు. “మొక్కింది నువ్వే గద? దిగు. స్టెప్నీ నువ్వే గుంజు.”

“ఏం దేవుడు తమ్మీ మీ దేవుడు, గింత జల్దిన ఇంటడా!” అన్నాడొక స్వామి ఆశ్చర్యంగా.

“అందరియి ఇనడు స్వామీ” అంది పెద్దమ్మ, కొంచెం నొచ్చుకుంటూ.

కోరుట్ల చేరేసరికి ఆరాధన అయిపోయింది. నా చేతుల నిండా గ్రీజు. కనిపించినవాళ్లంతా శుభాకాంక్షలు చెప్పి ఆ చేతులే కలిపారు. మేస్త్రీ నన్ను గోడపక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. “ఏమయ్యా, నేనింక ప్రార్థన మొదలే వెట్టలే. నీకు జవాబు గూడ వచ్చిందా?”

నేను గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాను.

“సంఘం ముంగట పాస్టరయ్య దీవించవట్టె. నేను ప్రార్థన చెయ్యలేదని ఎట్ల జెప్పాలె? పెద్దమనిషినాయె. ఆమెన్ అన్న.”

నా మొహం వెలిగిందేమో, మేస్త్రీ వెనకనుంచి ఆయన కూతురి మాట వినబడింది. “బాపు ఆమెన్ అన్నడు, సంఘం ఆమెన్ అన్నది. నన్ను ఎవలన్న అడిగిండ్రా?”

“అడుగుదామనే...”

“అరువకు. ఈడనే ఉన్న.” నన్నూ నా చేతుల్నీ చూసింది. “నేను ప్రార్థన చేసి చెప్త. అప్పటిదాక సిరిసిల్లల ఉండు. సాక్ష్యాలు జెప్పకు.”

వెళ్లి సాంచాల మధ్య నిలబడ్డాను. మొదట్లో పాత పద్ధతిలోనే, ఆమె మనసు మార్చు ప్రభువా అని హోరెత్తించాను. తరువాత ఒక ఆలోచన వచ్చి మెడ దగ్గర పట్టుకుంది: తండ్రి నలుగురిలో ఆమెన్ అన్నాడని, ఆమెను ఇంట్లో తొందరపెడుతున్నారేమో. నా నోటివల్ల. ఆ మాట అరిచి అడగడానికి సిగ్గేసింది. “ఆమెను ఎవరూ తొందరపెట్టకుండా చూడు. నన్ను కూడా” అని మెల్లగా అడగడం మొదలుపెట్టాను. రోజూ అదే. నా గొంతు పోయిందనుకుని చర్చిలో ఒకావిడ మిరియాల పాలు కాచి తెచ్చింది. పెళ్లెప్పుడని అడిగినవాళ్లకు ప్రార్థనలో ఉందని చెప్పేవాణ్ని. మొదటిసారి అది నిజం.

మళ్లీ ఇళ్లమీద క్రిస్మస్ నక్షత్రాలు కట్టే రోజులొచ్చాక ఆమె తండ్రితో కలిసి పెద్దమ్మ ఇంటికి వచ్చింది. పెద్దవాళ్లు లోపల మాట్లాడుకుంటుంటే వాకిట్లో అడిగాను. “దేవుడు ఏం జెప్పిండు?”

“ఏం జెప్పలే. శాన రోజులు చూసిన. ఆయన జెప్తలేడని నేనే ఒప్పుకున్న.”

ఇప్పుడు కోరుట్లలోనే ఉంటున్నాం. సంబంధాలు కుదరని పిల్లలు నా దగ్గరికి వచ్చి ప్రార్థన చెయ్యమంటే ఓపిక గురించి గంటసేపు చెబుతాను. (ఓపిక వాళ్లకే కావాలి అప్పుడు.) నాకైతే ఓపిక బాగానే అబ్బింది. అది ఓపికో, గట్టిగా అడిగే దమ్ము తగ్గిందో తేల్చుకోలేకపోతున్నాను. చర్చిలో ఎప్పుడైనా పక్కన ఒక కుర్రాడు పిడికిళ్లు బిగించి, ఇప్పుడే కావాలని దేవుడితో జగడానికి దిగుతాడు. అప్పుడు నా ప్రార్థన ఆపేసి వాడిది వింటూ కూర్చుంటాను. నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.