సాయంత్రాలు నేను ముందు, బావ వెనక

ఈమధ్య పొద్దున నడకకు వెళ్తే కాజీపేట నుంచి హనుమకొండ వచ్చే రోడ్డు మీద నాకో వింత దృశ్యం కనిపిస్తున్నది. ఇంకా సరిగా తెల్లవారకముందే, నెత్తిన హెల్మెట్లు, ఒంటికి అతుక్కుపోయిన రంగు బట్టలు వేసుకున్న పదిమంది, నడుములు వంచి, సన్నటి టైర్ల సైకిళ్ల మీద సర్రున దూసుకుపోతుంటారు. మొన్న వాళ్లలో ఒకాయన నీళ్లు తాగడానికి ఆగితే ఉండబట్టలేక సైకిలు ధర అడిగాను. చెప్పాడు. మళ్లీ అడిగే ధైర్యం చేయలేదు. అంత ధర పెట్టిన సైకిలుకు మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు, కనీసం స్టాండు కూడా లేదు. ఇంత పొద్దున్నే ఎక్కడికి బాబూ అంటే, ఎక్కడికీ లేదు అంకుల్, పోయి రావడమే అన్నాడు. సైకిలు తొక్కితే ఏదో ఒక చోటికి, అదీ టైముకు చేరాలని తప్ప మరోటి తెలియని నా ఈడు వాళ్లకు ఈ సంగతి మింగుడుపడదు. ఒకరి వెనక ఒకరు అంత ఆనుకొని ఎందుకు తొక్కుతారని అడిగితే, ముందున్నవాడు గాలిని కాస్తాడు, వెనకవాడు వాడి వీపు మీదే కన్నేసి తొక్కాలి, అప్పుడు శ్రమ తెలియదు అని వివరించాడు. వీపు మీద కన్నేసి అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ రోజు నడక సగంలోనే మానేసి ఇంటికి వచ్చాను.

మాది నెక్కొండ దగ్గర పల్లె. డెబ్భై మూడో, డెబ్భై నాలుగో సరిగా జ్ఞాపకం లేదు, పదో తరగతి ఎట్లాగో గట్టెక్కి ఊళ్లో గాలికి తిరుగుతున్న నన్ను కాజీపేటలో ఉన్న మా అక్క కబురు పెట్టి పిలిపించుకుంది. బావ వరంగల్ చౌరస్తా దగ్గర ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటరు. చెక్క గళ్లలో ఉన్న సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరుసలుగా పేర్చడం ఆయన పని. పెళ్లి శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు, అన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. గళ్ల వైపు చూడకుండానే వేళ్లు వాటంతటవే వెళ్లి ఒత్తునీ గుడినీ ఏరి తెచ్చేవి. యజమానితో మాట్లాడి నన్ను కూడా అదే ప్రెస్సులో పెట్టించి, ఎవరి దగ్గరో పాత సైకిలు కొనిచ్చి, రేపటి నుంచి నాతో రా అన్నాడు.

కాజీపేట నుంచి వడ్డేపల్లి, సుబేదారి, హనుమకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, పెద్దదవాఖాన దాటుకొని వరంగల్ చేరేసరికి గంట పట్టేది. కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కితే వరంగల్‌లో దిగవచ్చు కదా అని నేను మొదట్లో గునిసేవాణ్ని. రైలు మన చెప్పుచేతల్లో ఉండదు, సైకిలు ఉంటుంది అన్నది బావ సిద్ధాంతం. మనిషి మహా పరాచికాలాడేవాడు. పొద్దున ఆయన ముందు పోయేవాడు, నేను వెనకబడితే తిరిగి చూడకుండానే, మీ నెక్కొండ ఎడ్లు కూడా ఇంతకన్నా జోరుగా నడుస్తయిరా అనేవాడు. సాయంత్రం మాత్రం నన్ను ముందు పొమ్మనేవాడు. ఎందుకని అడిగితే, “పొద్దుగాల పెద్దోడు ముందు, మాపటికి చిన్నోడు ముందు. గదే లెక్క” అని తేల్చేసేవాడు. అది లెక్కేనని నేనూ నమ్మాను.

నేను చేరిన మొదటి చలికాలంలో బావ నాకు మూడు చొక్కాలు కుట్టించాడు, మూడూ తెల్లవే. ప్రెస్సులో పనిచేసేవాడికి తెల్లచొక్కా ఏమిటి? నల్ల సిరా నిద్రలో కూడా వదలదు మనల్ని. మా మిషన్ తొక్కే చాచా నన్ను చూసినప్పుడల్లా, “అరే బేటా, పనికొస్తాన్నవా, పెండ్లికి పోతాన్నవా?” అని ఆటపట్టించేవాడు. అక్క కిరసనాయిలు పెట్టి మరకలు రుద్ది రుద్ది చేతులు నొప్పెట్టి బావను తిట్టేది. బావ నవ్వి ఊరుకునేవాడు గాని, నేను రంగు చొక్కా కొనుక్కుంటానంటే మాత్రం ఏదో ఒక వంక పెట్టి మాన్పించేవాడు.

ఇప్పుడు తలుచుకుంటే అన్నీ కళ్లముందే జరిగాయి. అన్నం తినేటప్పుడు పక్కన పెట్టిన నీళ్ల చెంబును చేత్తో తడిమేవాడు. సాయంత్రం ఆరు దాటితే పని ఎంత మిగిలినా లేచేవాడు. సినిమాకు పోదామంటే, చీకట్లో కూర్చోవడానికి డబ్బులెందుకురా అనేవాడు. ఇవన్నీ ఆయన తిక్కలనుకున్నాను. పంతొమ్మిదేళ్లవాడికి తన క్రాపు తప్ప మరేం కనిపిస్తుంది?

ఆ క్రాపు సోకు వల్లనే సంగతి బయటపడింది. నాకు సంబంధం చూస్తున్నారు, ఫోటో పంపమన్నారు. హనుమకొండ స్టూడియోలో మధ్యాహ్నం ఫోటో దిగాలని, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న పెద్ద కాలర్ల ముదురు ఎరుపు చొక్కా వేసుకొని బయల్దేరాను. బావ వాకిట్లో నా చొక్కా అంచు ఒకసారి పట్టుకొని చూసి వదిలేశాడు. సాయంత్రం మామూలుగానే నేను ముందు, ఆయన వెనక. హనుమకొండ చౌరస్తాలో దుకాణాల వెలుతురు ఉంది. సుబేదారి దాటాక మసక. వడ్డేపల్లి దగ్గరికి వచ్చి వెనక్కి చూస్తే బావ లేడు. చైను పడిందేమోనని వెనక్కి తొక్కాను. సుబేదారి దాకా పోయినా లేడు. మళ్లీ తిరిగి వస్తూ, చెరువు వైపు మట్టిబాట చీలే చోట అనుమానం వచ్చి అటు మళ్లాను. కట్ట అంచున సైకిలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. రెండడుగుల దూరంలో కట్ట నీళ్లలోకి దిగుతున్నది. నా సైకిలు చప్పుడు విని ఎవరు అని అడిగాడు. ముఖం నా వైపు లేదు.

నేనే బావా అన్నాక మొదట నవ్వాడు. నా ఎర్రచొక్కా చీకట్లో కలిసిపోయిందట, తెల్ల బట్టల మనిషి ముందు కనబడితే అలవాటున నేననుకొని వెంట వచ్చాడట. ఆ మనిషి సైకిలు మీద పాలు పోసి ఇంటికి పోతున్న ముసలాయన. ఇక్కడ దిగితే బావా దిగాడు. ఏం గావాలె అని ఆయన అడిగితే ఏం లేదన్నాడు. ఆయన పోయాక మాత్రం ఎటు కదలాలో తెలియలేదు. ఇదంతా నవ్వుతూ చెప్పిన మనిషి నవ్వు ఆపి, “రేచీకటి రా బామ్మర్దీ. దవాఖానల చూపించిన. ముందుగాల మాపటి చూపు పోతదట, ఆ ఎనుక పక్కచూపు పోతదట, ఆఖరికి ఎదురుంగ సూదిబెజ్జమంత మిగుల్తదట. మందు లేదన్నరు” అన్నాడు. అక్కకు చెప్పవద్దన్నాడు. ప్రెస్సులో అసలే చెప్పవద్దన్నాడు. అక్షరాలు తన చేతికి తెలుసు, కానీ గుడ్డివాడు అన్న పేరు పడితే ఆ గళ్ల ముందు ఎవరూ నిలబడనివ్వరు, ఇద్దరు పిల్లలు, తనకు మరో పని రాదు. తన చేతిలో చెయ్యి వేయించుకొని మాట తీసుకున్నాడు. నేను ఇచ్చాను. ఆ రోజు నుంచి తెల్లచొక్కా తప్ప తొడగలేదు.

ఆ తర్వాతి రెండేళ్లు, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, నా జీవితంలో చాలా సంతోషంగా గడిచిన కాలం. సాయంత్రం రోడ్డు మీద గుంత వస్తే నేను చెప్పేవాణ్ని, ఎడ్లబండి అడ్డం వస్తే చెప్పేవాణ్ని. ఆయన నా వెనక వస్తూ, తన చిన్ననాటి ముచ్చట్ల నుంచి ఏ అక్షరం ఏ గళ్లో ఉంటుందో దాకా అన్నీ చెప్పేవాడు. నాకు కంపోజింగు వచ్చిందంటే ప్రెస్సులో నేర్చింది తక్కువ, ఆ రోడ్డు మీద నేర్చిందే ఎక్కువ. అంత పెద్దమనిషి నన్ను నమ్ముకొని వస్తున్నాడంటే ఛాతీ ఉబ్బేది. ఒక రహస్యాన్ని మోస్తున్నానన్న గర్వంలో, రోజురోజుకూ ఆయన పక్కచూపు తరిగిపోతున్నదని లెక్కచేయలేదు.

మేనకోడలికి ఆరేళ్లు నిండాయి. జూన్‌లో హనుమకొండలో బడిలో వేశారు. తన సైకిలు ముందు కడ్డీకి చిన్న సీటు బిగించి, బిడ్డను తానే దింపిపోతానన్నాడు బావ. నా సైకిలు మీద తీసుకుపోతానని అన్నాను. ఎన్నడూ కసరని మనిషి, “నా బిడ్డను నేను తోల్కపోనా? పొద్దుగాల నాకు మంచిగనే కనబడ్తది” అన్నాడు. ఎదురుగా ఉన్నది నిజంగానే కనిపించేది.

ఒక వానపొద్దున సుబేదారి దగ్గర పక్క సందులోంచి బస్సు వచ్చింది. నేను వెనక ఉన్నాను. బస్సు హారను కొడుతూనే ఉంది, బావ తల తిప్పలేదు, నెమ్మదించలేదు. నేను అరిచిన అరుపుకు ఆయన బ్రేకు నొక్కితే తడిరోడ్డు మీద సైకిలు జారి పక్కకు పడింది. బస్సు ఆగింది గాని, ఎంత దగ్గర ఆగిందో ఇప్పుడు కూడా రాయబుద్ధి కావడం లేదు. పిల్ల కాలు చక్రం ఊచల్లో ఇరుక్కొని మడమ దగ్గర చర్మం లేచిపోయింది. హారను వెనక నుంచి అనుకున్నానని బావ గొణుక్కుంటూ బిడ్డను ఎత్తి నాకిచ్చాడు. ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. తాను సైకిలు హ్యాండిలు సరిచేసుకొని ప్రెస్సుకు పోయాడు. వానలో ఆయన పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఇంట్లో అక్క పిల్ల కాలు కడుగుతూ ఎట్లా పడ్డారని అడిగింది. అంతా చెప్పేశాను. ముందుగా అనుకున్నది కాదు, నోటి నుంచి దానంతటదే వచ్చింది. అక్క ఏడవలేదు. “ఎన్నొద్దుల సంది తెలుసు నీకు?” అని మాత్రం అడిగింది. రెండేళ్లు అన్నాను. “రెండేండ్లు నా ఎదుట కూసొని బువ్వ తిన్నవు కద తమ్మీ” అంది. పిల్లను పక్కింట్లో ఉంచి, నన్ను వెంటబెట్టుకొని, బస్సెక్కి నేరుగా ప్రెస్సు యజమాని దగ్గరికి వచ్చింది. బావ కండ్ల సంగతి చెప్పి, ఆయనను పొద్దుండగానే ఇంటికి పంపమని, కండ్లకు భారం లేని పని ఏదైనా ఇమ్మని, ఆ మనిషిని వెళ్లగొట్టవద్దని చేతులు జోడించింది.

యజమాని చెడ్డవాడు కాదు. నమ్మలేకపోయాడంతే. లోపలికి పోయి, బావ ఏదో శుభలేఖ పేరుస్తుంటే, అందరూ చూస్తుండగా ఆయన చెంప పక్కన చెయ్యి పెట్టి, ఇవి ఎన్ని వేళ్లు అని అడిగాడు. బావ తల తిప్పలేదు. మిషన్ ఆగిపోయింది. చాచా తల దించుకున్నాడు. బావ చేతిలో ఉన్న వరుస పూర్తిచేసి, ఊడిపోకుండా దారంతో చుట్టి బల్ల మీద పెట్టి, అప్పుడు ఇటు తిరిగాడు. గుమ్మంలో ఎదురుగా అక్క, అక్క వెనక నేను. మేము ఆయన కళ్లకు స్పష్టంగానే కనిపించి ఉంటాం.

ఉద్యోగం పోలేదు. కాగితాలు మడిచి కుట్టే గదిలో వేశారు. వారం రోజులు రానన్నాడు గాని వచ్చాడు. అక్క సైకిలు అమ్మించింది. నా క్యారియర్ మీద కూర్చోమని ఎంత బతిమాలినా వినక, ఇన్నేళ్లు వద్దన్న ప్యాసింజర్‌లోనే ప్లాట్‌ఫారం తడుముకుంటూ పోయి వచ్చేవాడు. ఆయన గళ్ల ముందు నన్ను నిలబెట్టారు. ఆ పని నేను ఎనభైల చివరిదాకా, కంప్యూటర్లు వచ్చి ఆ సీసాన్ని తూకానికి అమ్మేదాకా చేశాను.

నాతో మాట్లాడటం మానలేదు. పరాచికాలూ మానలేదు. అందుకే నాకు మరీ కష్టంగా ఉండేది. ఒక్కసారే, చాలా నెలల తర్వాత, వాకిట్లో కూర్చొని చుట్ట తాగుతూ అన్నాడు. “నువ్వు చెప్పుడు తప్పు కాదురా. బిడ్డ పోతుండె. కని, నాకు ముందుగాల ఒక మాట చెప్పి మీ అక్కకు చెప్తే అయిపోతుండె. ప్రెస్సుల గాయిన వేళ్లు చూపియ్యకముందే నేనే పోయి చెప్పుకుందును.” అంతే. మళ్లీ ఎన్నడూ ఆ ముచ్చట ఎత్తలేదు. ఎనభై ఆరులోనో ఏడులోనో ఆ సూదిబెజ్జం కూడా మూసుకుపోయింది. ఆ తర్వాత ఎక్కువ కాలం ఉండలేదు.

మేనకోడలు ఇప్పుడు నానమ్మ. మామా, ఆనాడు నువ్వు చెప్పకపోతే నేను లేను అంటుంది. కావచ్చు. మళ్లీ ఆ రోజు వచ్చినా నేను చెప్పే తీరుతాను. కానీ వానలో పిల్లను ఎత్తుకొని ఆ మనిషి ఎదుట నిలబడ్డప్పుడు, బావా, నేనిక దాచలేను, పా, ఇద్దరం కలిసి చెబుదాం అనడానికి ఎంతసేపు పట్టేది? ఇప్పుడు ఆ రోడ్డు నాలుగింతలు వెడల్పయింది, పొద్దుగూకితే పట్టపగల్లా దీపాలు వెలుగుతాయి, మేము గంటసేపు తొక్కిన దూరం పిల్లలు మోటారుసైకిళ్ల మీద పావుగంటలో, ఎవరి చెవుల్లో వాళ్లు పాటలు పెట్టుకొని దాటిపోతున్నారు. వాళ్లకు మాట్లాడుకునే తీరిక లేదని నా ఈడు వాళ్లు చప్పరిస్తుంటే నేను మాత్రం ఊరుకుంటాను. పోను గంట, రాను గంట, అన్నేళ్లు ఆ రోడ్డు మీద బావా నేనూ తెరిపి లేకుండా మాట్లాడుకున్నాం. చెప్పాల్సిన ఆ ఒక్క మాట మాత్రం నేను ఆయనకు చెప్పలేదు.